అటు చూడొద్దు ఓదెలూ

"కట్! ఎవడ్రా కెమెరాలోకి చూసింది?"

చూసింది ఓదెలు. కెమెరాని కాదు, దాని పక్కన ప్యాడ్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని. తెరమీద మాత్రం రెండూ ఒకటే.

తొంభై ఒకటి నాటి మాట. ఫిల్మ్‌నగర్ అప్పటికింకా సగం బండరాళ్లే. ఇప్పుడా బండలూ లేవు, ఆ గాలీ లేదు. ఆ రాళ్ల మధ్య ఉత్తుత్తి బస్టాపు ఒకటి కట్టి, రహమత్ నగర్ నుంచి తెచ్చిన జనాన్ని అందులో నిలబెట్టారు. హీరోని చూడకూడదు, కెమెరాని చూడకూడదు. మనిషిలా కనపడాలి, మనిషిలా చూడకూడదు. సినిమావాళ్లు జనానికిచ్చిన గౌరవం అదీ!

జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు లక్ష్మయ్య మీదికొచ్చాడు. "ఇంకోసారి గట్ల చూసినవో, నీ కార్డు చింపేస్త. మళ్ల ఏ షూటింగుకీ పిలువ."

కార్డు పోతే పని లేదు. అందుకని ఓదెలు ఎనిమిది రోజులు నేలచూపులే చూశాడు. నేలచూపుల్లోంచే ఆ అమ్మాయిని తెలుసుకున్నాడు. ఎడమ చెప్పుకి నల్లదారంతో కుట్టు. విసుగొస్తే చెప్పు విడిచి బొటనవేలితో మట్టిలో సున్నాలు చుడుతుంది. నవ్వొస్తే మడమలు పైకి లేస్తాయి.

ఆమె పేరు బాలాత్రిపురసుందరి. కాకినాడ పిల్ల. నిన్నటి షాట్లో ఎవరి బట్టలు ఎలా ఉన్నాయో రాసుకుని, ఇవాళా అలాగే ఉన్నాయో లేదో చూడటం ఆమె ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఓదెలు ముందుకొచ్చి, చొక్కానే చూసేది.

"నిన్న చొక్కా చేతులు మడిచి ఉన్నాయండీ. మడవండి."

"మొఖం నిన్నటిదేనా మేడం? జర చూసి చెప్పుండ్రి."

"మొహాలు నేను రాయను. వెనక నిలబడేవాళ్ల మొహాలు ఎవరికీ గుర్తుండవండీ."

"మరి నా చొక్కా గుర్తువెట్టుకునుడు దేనికి?"

ఆమె ప్యాడ్‌లోకి తల దించుకుంది. మడమలు మాత్రం లేచాయి.

తొమ్మిదో రోజు ఆఖరు. మర్నాడు యూనిట్ మద్రాసు పోతుంది, ఆమెతో సహా. సాయంత్రం ముసురు పట్టింది. గుంపులో ఒకావిడ జ్వరమని వెళ్లిపోతే డైరెక్టరు అరిచాడు: "త్రిపురా, నువ్వెళ్లి నిలబడు!"

నిలబెట్టింది ఓదెలు పక్కనే.

"యాక్షన్!"

మాటలన్నీ తర్వాత డబ్బింగులో కలిపే రోజులవి. షాట్లో గుంపు ఏం గొణిగినా ఎవడికీ పట్టదు. ఓదెలు ఎదురుగా ఉన్న బండని చూస్తూ అన్నాడు.

"రేపు పోతుండ్రా మేడం?"

ఆమె పక్కవాళ్ల గొడుగు కొస చూస్తోంది. "పోతున్నామండీ."

"ఎడమ చెప్పు మళ్ల తెగేటట్టుంది. స్టేషన్ల పైలం."

"ఎప్పుడూ చెప్పులేనా చూసేది?"

"ఇంకేం చూడనిస్తుండ్రు? విసుగొస్తే మట్టిల సున్నాలు చుడ్తరు. నవ్వొస్తే మడమలు లేస్తయ్. ఇంకెవలకు తెల్వదు, నాకు తెలుసు. మీరంటే నాకు మస్తు ఇష్టం."

చినుకులు పెద్దవయ్యాయి. ఆమె గొంతు చిన్నదైంది.

"ఆ బండతో చెబుతున్నారా, నాతోనా?"

లక్ష్మయ్య కెమెరా వెనకే ఉన్నాడు. కళ్లు వీడిమీదే పెట్టి ఉన్నాడు. ఓదెలుకి కార్డు గుర్తొచ్చింది. అయినా తల తిప్పి చూశాడు. నిండుగా, నిదానంగా, ఎనిమిది రోజుల బాకీ తీరేలా.

ఆమె కూడా తల తిప్పింది. వాళ్ల ముందు నుంచి హీరో నడిచిపోయాడు. ఆయన్నెవరు పట్టించుకున్నారు!

"కట్! కట్! మళ్లీ వాడేనా?"

లక్ష్మయ్య వానలోనే కార్డు చింపి పారేశాడు. డైరెక్టరు విసుక్కున్నాడు. "టేకు పాడైంది త్రిపురా. కారణం రాయి. వాడి పేరు రాయి."

"రెండు పేర్లు రాయాలండీ" అంది ఆమె. డైరెక్టరు నోరు తెరిచాడు. ఆమె అటు చూడనే లేదు, ఓదెలు వైపు తిరిగింది.

"ఇంటిపేరుతో సహా చెప్పండి."

చెప్పాడు.

"అడ్రసు?"

"అడ్రసెందుకు మేడం?"

"మద్రాసు నుంచి ఉత్తరం ఎక్కడికి రాయమంటారు మరి?"

రహమత్ నగర్, గల్లీ, ఇంటి నంబరు... ఓదెలు తడబడుతూ చెబుతున్నాడు. త్రిపుర రాస్తూనే ఉంది, ఒక్కసారైనా కాగితం వైపు చూడకుండా.