మూడో పిలుపు

మార్కాపురం నుంచి పడమటికి పోయే బండిబాట పక్కన ఒక పాత పలకల గని ఉంది. పిల్లకాయలు అక్షరాలు దిద్దే పలకలకు అక్కడి నుంచే రాయి తీసేవాళ్లు. మంచి రాయి అయిపోయినాక వదిలేసినారు. ఇప్పుడది నిలువు గోడల గుంత. అడుగున నల్లటి నీళ్లు. గంగమ్మ గుంత అంటారు. పొద్దు గూకితే దాని అంచుకు గొడ్లను కూడా తోలరు.

గంగమ్మ ఎవరో మా బండి తోలే పిచ్చయ్య మామ చెప్పినాడు. ఆయన సొంత అక్క. ఆ గనిలోనే రాయి మోసేది. ఒక సందేళ ఇంటికి రాలేదు. మసక చీకట్లో గుంత వైపు నుంచి పిలుపు వినబడింది — పిచ్చయ్యా… ఆ వెంటనే ఇంకొకటి, కొంచెం సన్నగా — పిచ్చయ్యా…

మూడోది రాలేదు.

చీకటి పడినాక ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని మా పక్క పసిపిల్లలకు కూడా తెలుసు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. దెయ్యానికి రెండే. అందుకని పిచ్చయ్య మామ పలకలేదు. ఇంట్లో ఎవరూ పలకలేదు.

తెల్లారి గంగమ్మ నీళ్లలో తేలింది. ఆమెను మింగిన దెయ్యమే ఆమె గొంతుతో తమ్ముణ్ణి కూడా పిలిచిందన్నారు. పలకలేదు గనక బతికినావురా అన్నారు. అప్పట్నుంచి ఆ గుంత రెండుసార్లు పిలుస్తుందని పేరు.

ఇదంతా ఇంగ్రిడ్‌కు నేనే ఇంగ్లీషులో చెప్పినాను. చెప్పకుండా ఉంటే సరిపోయేది.

ఇంగ్రిడ్ నార్వే దేశం నుంచి వచ్చిన విద్యార్థిని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, మన బడుల గురించి చదువుకోవడానికి వచ్చి మిషన్ బంగళాలో దిగింది. నేను లీదియాను, ఆ బంగళాలో వంట చేసే ఏసమ్మ కూతుర్ని. ఎనిమిదో తరగతితో నా చదువు మానిపించినారు. బంగళా వాళ్లు పారేసిన పాత పత్రికలు ఏరుకుని, చదువుకుని, ఇంగ్లీషు నేర్చుకున్నాను. రాబోయే జనవరిలో ఇంగ్రిడ్ మద్రాసు పోతుందంట. తన వెంట ఒక అమ్మాయిని తీసుకుపోయి, అక్కడ టీచరు ట్రైనింగులో చేర్పిస్తుందంట. ఆ అమ్మాయివి నువ్వే కావచ్చు, చూద్దాం అన్నది నాతో.

ఆ ఒక్క మాట పట్టుకుని నెల దినాలు ఆమె వెంట తిరిగినాను.

వచ్చిన కొత్త గదా, ఆమెకు అన్నీ చూడాలి. కంభం చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా మిట్టమధ్యాహ్నం నడిపించింది. ప్రతి రాయినీ ఎవరు పెట్టినారని అడిగింది. నాకేం తెలుసు? తెలియదంటే మొహం చిన్నబుచ్చుకునేది. సంతలో మిరపకాయలమ్మే తులసమ్మ, "ఏందే పాపా, దొరసానికి తోక మాదిరి వేలాడుతున్నావు. ఏం పెడుతుందేంది?" అన్నది. అందరూ నవ్వినారు. ఆమె ఏమన్నదని ఇంగ్రిడ్ అడిగింది. మీ గౌను బాగుందంట అని చెప్పినాను. ఇంటికొచ్చి చాప మీద పడి ఏడ్చినాను. కాళ్లకు బొబ్బలు. మద్రాసు సంగతి అడిగితే మళ్లీ అదే — చూద్దాం.

ఆఖరుకు ఆమె చూస్తానన్నది గంగమ్మ గుంత.

మేం చేరేసరికే పొద్దు వాలిపోయింది. పిచ్చయ్య మామ బండిని గుంతకు చాలా దూరంలోనే ఆపి, ఇంక ఎద్దులు కదలవన్నాడు. కదలనిది ఎద్దులు కాదు. నేను కూడా గుంత అంచు దాకా పోలేదు. ఇంగ్రిడ్‌కు కోపం వచ్చింది. చదువుకుంటానంటావు, ఇంత భయమైతే మద్రాసులో ఏం చేస్తావు అన్నది. నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో చచ్చినవాళ్లు మీకు వేడుకా అన్నాను. ఆమె, నువ్వు బండి దగ్గరికి పో, నేను అవతలి బాటన తిరిగి వస్తానని వెళ్లిపోయింది.

తంగేడు పొదల మధ్య ఒంటరిగా నడుస్తున్నాను. మద్రాసు పోయింది, ఇంక పోయినట్టే… అదే ఆలోచన. చీకటి ముసురుకుంది.

"లీదియా…"

నా కాళ్లు ఆగిపోయినాయి. పిలుపు బాట వైపు నుంచి కాదు. గుంతలో నుంచి.

"లీదియా…" ఈసారి సన్నగా.

ఊపిరి బిగబట్టినాను. మూడోది రావాల. రా… ఇంకొక్కసారి పిలువు… దూరంగా ఏదో పిట్ట అరిచింది. అంతే.

పరుగెత్తినాను. చీర చిరిగిందో, ముళ్లు దిగినాయో తెలియలేదు. బండిలో పడి రెండు వేళ్లు చూపించినాను. పిచ్చయ్య మామ నా తల మీద దుప్పటి కప్పి గుసగుసగా అన్నాడు.

"కదలొద్దు పాపా. మనిషైతే ఇంకోసారి పిలుస్తుంది."

బండి దగ్గర ఇంగ్రిడ్ లేదు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అర్ధగంటో, గంటో… బాట మీద అడుగుల చప్పుడైంది. ఒక కాలు ఈడ్చి, ఒక కాలు వేసి… పిచ్చయ్య మామ కళ్లు మూసుకున్నాడు.

ఇంగ్రిడ్. మోకాలు చీరుకుపోయి, గౌనంతా బురద. అవతలికి పోయినట్టే పోయి, మనసు ఆగక గుంతలోకి దిగిందంట. కాలు జారి నీళ్ల అంచున పడిందంట. బండి ఎక్కి కూర్చుని, నొప్పితోనే నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది.

"నేను ఒక్కసారే పిలిచినాను, లీదియా. గోడ నా మాటను తిరిగి నాకే అప్పజెప్పింది. నీ అడుగులు పరుగెత్తడం వినబడింది. తాడు కోసం పోయినావనుకుని మళ్లీ అరవలేదు. నువ్వు ఆలస్యం చేస్తే, నేనే పాకుతూ ఎక్కినాను."

ఒక్కసారే పిలిచింది. గుంత దాన్ని రెండు చేసింది. ఎవరు పిలిచినా రెండే చేస్తుంది…

పిచ్చయ్య మామ వెనక్కి తిరిగి, "దొరసాని ఏమంటుంది పాపా?" అని అడిగినాడు.

నేను ఆయన మొహం చూసినాను. తమ్ముణ్ణి పిలిచిన గంగమ్మను తలుచుకున్నాను. చెబితే ఈ మనిషి ఏమైపోతాడో అనుకున్నాను — అట్ల అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజం అది కాదు. చెబితే, విని కూడా పారిపోయినానని ఊరంతా తెలుస్తుంది. రేపు ఇంగ్రిడ్‌కూ తెలుస్తుంది.

"కాలు నొప్పంటుంది మామా."

ఇంగ్రిడ్‌తో, అవును, తాడు కోసమే అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, జనవరిలో మనిద్దరం పోతున్నాం అన్నది.

ట్రైనింగులో చేరి అయిదు నెలలైంది. నిన్న నాయన దగ్గర్నుంచి జాబు వచ్చింది. అందరూ క్షేమం. వానలు లేవు. గంగమ్మ గుంత మళ్లీ పిలిచిందంట. సందేళ బండ్లు తోలుకొచ్చేవాళ్లందరూ విన్నారంట. రెండే పిలుపులు. ఎవరూ పలకలేదంట, దేవుడు కాపాడినాడంట.

ఊళ్లో ఎవరన్నా ఇంటికి రాకుండా పోయినారా అన్నది నాయన రాయలేదు.

జాబు మీద తేదీ చూసినాను. రాసి అప్పటికే తొమ్మిది దినాలైంది.