నిలబడ్డ అడుగులు

ఆ ఉదయం రూరీ ఇంటి పక్క వాగులోంచి గుప్పిట్లో పట్టే రాయొకటి ఏరి జేబులో వేసుకున్నాడు. భార్య కత్రియోనా పోయిన రోజున ఏటా అతను చేసేది అదొక్కటే. కొండెక్కి, శిఖరం మీది రాళ్ళ గుట్టకి ఇంకో రాయి చేర్చి, చీకటి పడకముందే దిగి రావడం. బతికున్నన్నాళ్ళూ ఆవిడకి ఆ కొండంటే ప్రాణం.

వంటింట్లో పెగీ అత్త ఓట్స్ జావ కలుపుతోంది. పక్కింటి ముసలావిడ. చుట్టరికం లేకపోయినా అందరికీ అత్తే.

"నా గొర్రెలే ఇవాళ దొడ్డి దాటలేదు. వాటికున్నపాటి బుద్ధి నీకు లేదురా," అంది.

"వాటికి నీ జావ పెట్టడం లేదుగా అత్తా. పెడితే అవీ కొండెక్కి పారిపోయేవి."

ఎనిమిదేళ్ళ ఈలీ కిసుక్కున నవ్వి, అంతలోనే మొహం ముడుచుకుంది. "చీకటి పడేసరికి వచ్చెయ్యి నాన్నా. అత్త వెళ్ళిపోతే నేనొక్కదాన్నే ఉండాలి."

"దీపం పెట్టేలోపు ఇంట్లో ఉంటా. ఒట్టు."

పెగీ గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. "దిగేటప్పుడు నీ అడుగులు తన్ని పడగొట్టుకుంటూ రా. వాటిని నిలబెట్టి రాకు."

"సరేలే అత్తా."

"సరేలే కాదు. మీ నాన్న పడగొట్టేవాడు. మీ తాతా అంతే."

ఆ కొండ మీద గాలి వీచిందంటే మెత్తటి మంచునంతా ఊడ్చుకుపోతుంది. బూటు కింద అణిగి గట్టిపడ్డ మంచు మాత్రం కదలదు. పొద్దున గుంటలుగా పడ్డ అడుగులు సాయంత్రానికి నేల మీంచి లేచి, బోర్లించిన గిన్నెల్లా వరసగా నిలబడతాయి. రూరీ చిన్నప్పటినుంచీ చూస్తున్నదే.

శిఖరం మీద రాయి పెట్టి కాసేపు కూర్చున్నాడు. లేచేసరికి మబ్బు దిగింది. తడిసిన ఇనుము వాసన. తన చెయ్యి తనకే మసగ్గా కనిపిస్తోంది.

కానీ అడుగులున్నాయి. తెల్లగా, గట్టిగా, దిగువకి దారి చూపిస్తూ. మొదటి నాలుగైదింటిని తన్నాడు. ఇటుకల్లా ఉన్నాయి. బొటనవేలు జివ్వుమంది. వెలుతురు తగ్గిపోతోంది. కిటికీకి ముక్కు ఆనించి ఎదురుచూసే ఈలీ గుర్తొచ్చింది. ఇక తన్నడం మానేసి, వాటి పక్కనే గబగబా దిగసాగాడు.

కొంత దూరం పోయాక నుదుటి టార్చి వెలిగించాడు. అప్పుడు చూశాడు.

అడుగులు రెండు వరసలున్నాయి.

ఒక వరస పొద్దున తను ఎక్కినది, వేళ్ళు శిఖరం వైపు. రెండోది దిగుతున్నది. ఇవాళ కొండ మీద ఇంకో మనిషి లేడు. వంగి చూశాడు. బూట్లకి కట్టుకునే ఇనుప పళ్ళలో అతని ఎడమ మడమది ఒకటి పోయిన చలికాలంలోనే విరిగింది. ఆ దిగుతున్న అడుగులోనూ ఎడమ మడమ దగ్గర అదే పన్ను లేదు.

గాలికి అలా లేచి నిలబడాలంటే గంటలు పడుతుంది. తనింకా దిగుతూనే ఉన్నాడు...

వాటికి దూరంగా పోవాలని పక్కకి తిరిగాడు. మూడడుగులు వేశాక కాలి కింద నేల లేదు. వెనక్కి పడ్డాడు. మంచుగడ్డ ఒకటి విరిగి లోయలోకి పోయింది. అది కింద పడిన చప్పుడు మాత్రం ఎంతకీ రాలేదు.

దారి తెలిసినవి ఆ అడుగులే. వాటినే పట్టుకుని దిగాడు. పోనుపోనూ వాటి మధ్య ఎడం పెరిగింది.

ఎవరో పరుగెత్తారు.

కింద మంచు అయిపోయి తడి గడ్డి మొదలైంది. అడుగులు ఆగలేదు. నల్లటి నేల మీద తెల్లటి మంచు దిమ్మలు, ఒకదాని ముందు ఒకటి, తిన్నగా ఇంటివైపు. దూరంగా వంటింటి కిటికీలో వెలుగు. జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"ఈలీ! పెగీ అత్తకివ్వమ్మా."



"అత్త వెళ్ళిపోయింది," ఈలీ గుసగుసలాడింది. "నువ్వొచ్చావని..."

రూరీ పరుగు మొదలుపెట్టాడు. "నేను రాలేదమ్మా. విను. వెనక తలుపు తీసుకుని అత్త ఇంటికి పరుగెత్తు."

"నువ్వే అడ్డంగా నిలబడ్డావుగా."

"అది... ఏం చేస్తోంది?"

"ఏం లేదు. గోడవైపు తిరిగి ఉన్నావు. బూట్లు విప్పమంటే విప్పలేదు." ఆ గొంతు ఇంకా తగ్గింది. "ఫోన్లో ఉన్నది కూడా నువ్వేనా?"

"నేనే తల్లీ. నేనే మీ నాన్నని. వచ్చేస్తున్నా. అదిగో, కిటికీ కనిపిస్తోంది..."

పరుగెత్తుతూనే ఉన్నాడు. గుండెలు పగిలేలా పరుగెత్తుతున్నాడు. ఆ కిటికీ మాత్రం అంతే దూరంలో, అంతే చిన్నగా ఉంది.

"నాన్నా, పొయ్యి మండుతూనే ఉంది. అయినా నేల మీద నీ అడుగులు కరగట్లేదు. గిన్నెల్లా నిలబడ్డాయి."

"వాటి జోలికి పోకు. కదలకు. ఉన్నచోటే ఉండు, ఈలీ."

"నేను తలుపు దాకా నడిచానుగా ఇందాక..." పాప ఏడవడం లేదు. ఆశ్చర్యపోతున్నట్టుంది. "నావి కూడా లేస్తున్నాయి."