రెండో టార్చి

ఆ నీళ్ల ట్యాంకు కింద ఉన్న వాల్వు గదికి మంచి పేరు లేదు. పగలు చూస్తే ఏముంది... నేలలో ఒక ఇనప మూత, మూత తీస్తే పన్నెండు మెట్ల నిచ్చెన, అడుగున మనిషి నడుమంత లావు పైపులు రెండు, వాటి మీద తిప్పుడు చక్రాలు. అంతే. కానీ పొద్దు వాలాక ఆ మూత పక్కనుంచి వెళ్లమంటే చాలు, నైట్ డ్యూటీ వాళ్లకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

రెండేళ్ల క్రితం అందులో ఒక మనిషి పోయాడు. అప్పట్నుంచి కొన్ని రాత్రులు కింద ఎవరో పైపు కొడతారు — మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడు. కిందికి దిగినవాడు పని అయిపోగానే పైవాళ్లకి తెలియడానికి స్పానరుతో అలా కొట్టడం అక్కడి అలవాటు. అయిపోయింది, పైకి వస్తున్నా అని దానర్థం. ఆ పోయినవాడు మాత్రం ఇంకా పైకి రాలేదు మరి!

అవన్నీ పైపులో గాలి చప్పుళ్లని కొట్టిపారేసేవాడు ఒక్కడే — టార్చి బాబాయ్. అక్కడ అందరికంటే పాత ఆపరేటరు. ఆయన టేబుల్ సొరుగులో ఐదు టార్చిలుంటాయి, ఒకదాన్ని మించి ఒకటి వెలుగు. కొత్త రకం వచ్చిందంటే కొనాల్సిందే. "సూర్యుడు సెలవు పెడితే మీరే డ్యూటీ చేసేలా ఉన్నారు" అని ఇంట్లో పిన్ని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ పిచ్చి ఎందుకు పట్టుకుందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ల క్రితం పోయినవాడు ఆయన జోడీ ఆపరేటరే. పొడుగాయన అనేవారు. వానలో నిచ్చెన జారి పడ్డాడు. బాబాయ్ పైనుంచి టార్చి వేసి చూశాడు. మొహం సీసం రంగులో ఉంది, పెదాలు నల్లగా ఉన్నాయి, పిలిస్తే పలుకు లేదు. పోయాడనుకున్నాడు. భయం వేసింది... ఉత్త భయం. ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకుని, పొద్దున షిఫ్టు వాళ్లు వచ్చేదాకా కూర్చున్నాడు. "నేను చూసేటప్పటికే పోయాడు" అని అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు, ఆయన తప్ప. నిజంగా అప్పటికే పోయాడా, తను వదిలేసి వచ్చాక పోయాడా? వెలుగు చాలక సరిగ్గా కనబడలేదేమో! ఆ పురుగు రెండేళ్లుగా తొలుస్తూనే ఉంది. ప్రతి కొత్త టార్చీ దానికి వేసిన మేతే.

ఆ సాయంత్రం డ్యూటీకి వస్తూ తోడల్లుడి ఎలక్ట్రికల్ కొట్టు దగ్గర ఆగాడు. తోడల్లుడు ఒక టార్చి చేతిలో పెట్టాడు.

"అన్నయ్యా, నీ దగ్గరున్నవన్నీ కూల్ వైట్. జిగేల్‌మంటాయి గానీ వెలుగు నీలం మీదకి పోయి ఎరుపుని తినేస్తుంది. ఇది న్యూట్రల్ వైట్. పగటి వెలుతుర్లా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది."

బాబాయ్ తన టార్చీ, ఇదీ పక్కపక్కన పెట్టి కొట్లో తెల్లగోడ మీదకి కొట్టాడు. టార్చి కొనేవాళ్లందరూ చేసే పనే అది. ఒకటి వెన్నెల ముద్దలా ఉంది. రెండోది దాని పక్కన కాస్త మాసినట్టుంది.

"ఇదేంట్రా, కామెర్ల కన్నులా! నాకు వెలుగు కావాలి గానీ రంగులెందుకు? బట్టల కొట్టుకి వెళ్తున్నానా?"

"తెల్లగోడ మీద ఏం తెలుస్తుంది, అన్నయ్యా? నాలుగు రోజులు వాడి చూడు, డబ్బులు తర్వాత" అని తోడల్లుడు దాన్ని సంచిలో పడేశాడు.

రాత్రి పదిన్నరకి వాచ్‌మన్ ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. మొహంలో కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్... కొడుతున్నాడు."

బాబాయ్ చెవి ఒగ్గాడు. టక్... టక్... టక్. ఆగింది. మళ్లీ మూడు.

"గాలి."

"గాలి లెక్కపెట్టి కొడుతుందా?" అన్నాడు వాచ్‌మన్ గొంతు తగ్గించి. "వెళ్లకు. నీకు దణ్ణం పెడతా."

వెళ్లకపోతే ఇన్నాళ్ల బుకాయింపూ గంగలో కలిసినట్టే. బాబాయ్ తన టార్చి తీసుకుని బయల్దేరాడు. చల్లని తెల్లటి వెలుగు ముందు పరుగెత్తుతుంటే కాస్త ధైర్యంగానే ఉంది — మూత కనబడేదాకా.

మూత తెరిచి ఉంది.

అంచుకి చేరి వంగాడు. వెలుగు ఒక్కో మెట్టూ దిగింది... అడుగుకి చేరింది... ఆగిపోయింది.

నిచ్చెన మొదట్లో ఒక మనిషి. అదే చోటు. అదే వాలకం. పైపుకి చేరగిలిన తల, సగం తెరిచిన కళ్లు, సీసం రంగు మొహం, కణత మీద నల్లటి గ్రీజు మరక, నల్లటి పెదాలు.

పొడుగాయన.

బాబాయ్ వెనుదిరిగాడు. ఎటు పరుగెత్తాడో, టార్చి ఎక్కడ పడి పగిలిందో తెలియదు. ఆఫీసు గదిలో పడి తలుపేసి గడియ పెట్టాడు. అప్పుడు చూశాడు — తను కూర్చున్నది రెండేళ్ల క్రితం కూర్చున్న కుర్చీలోనే.

టక్... టక్... టక్.

ఈసారి నీరసంగా ఉంది. బాబాయ్‌కి ఏడుపొచ్చింది. దెయ్యమే కానీ, చంపితే చంపనీ... రెండోసారి ఇక్కడ తెల్లవారేదాకా కూర్చోవడం తన వల్ల కాదు. సంచిలో చెయ్యి పెడితే తోడల్లుడిచ్చిన టార్చి తగిలింది. గడియ తీశాడు.

మూత దగ్గర వెలిగించగానే మొదట కనబడింది నిచ్చెన. ఇన్నేళ్లూ రాత్రిపూట మట్టి రంగులో చూసిన పైమెట్టు ఎర్ర పెయింటు, పగటిలా ఎర్రగా ఉంది. వెలుగు కిందికి దిగింది.

మొహం సీసం రంగులో లేదు. చామనఛాయ. పాలిపోయింది గానీ మనిషి రంగే. పెదాలు ఎండిపోయి, లేత ఎరుపు. కణత మీంచి కారుతున్నది నల్లటి గ్రీజు మరక కాదు, పచ్చి నెత్తురు. ఎర్రగా, తడిగా... ఇంకా కారుతోంది.

పొడుగాయన కాదు. సాయంత్రం వాషరు మార్చడానికి దిగిన కాంట్రాక్టు ఫిట్టరు. ఎప్పట్లాగే వెనక గేటునుంచి ఇంటికి వెళ్లిపోయాడని అందరూ అనుకున్నారు.

"వాచ్‌మనూ! మనిషిరా! బతికున్నాడు! అంబులెన్స్‌కి ఫోన్ కొట్టు!" అని అరుస్తూనే బాబాయ్ నిచ్చెన దిగిపోయాడు.

కింద నీళ్ల వాసన, నెత్తుటి వాసన. ఫిట్టరు కుడిచెయ్యి ఒంటి కింద విరిగి ఉంది. ఎడమచెయ్యి పైపుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. బాబాయ్ దాన్ని మెల్లగా విడిపించి, తల ఒళ్లోకి తీసుకుని, తన చొక్కా విప్పి గాయానికి అదిమి పట్టాడు.

"నిద్రపోకు నాన్నా. వచ్చేస్తున్నారు. మాట్లాడు... ఏదో ఒకటి మాట్లాడు."

ఫిట్టరు పెదాలు కదిలాయి.

"ఇందాక... తెల్ల లైటు వేసి... వెళ్లిపోయింది నువ్వేనా బాబాయ్?"

బాబాయ్ అబద్ధం చెప్పలేకపోయాడు. "నేనే. భయపడ్డానురా. శవం అనుకున్నాను. ఆ పాడు వెలుగులో నువ్వు అచ్చం..." చొక్కాని ఇంకాస్త గట్టిగా అదిమాడు. "నువ్వు కొట్టిన ఆ మూడు దెబ్బలే నిన్ను బతికించాయి."

ఫిట్టరు ఆయన్ని వింతగా చూశాడు. తర్వాత తన రెండు చేతులకేసీ చూసుకున్నాడు.

"నేనా... నేనెక్కడ కొట్టాను బాబాయ్? చెయ్యి కదిలితేగా."

పైన ఎక్కడో వాచ్‌మన్ ఫోన్‌లో అడ్రసు అరుస్తున్నాడు. టార్చి వెలుగు రెండు పైపుల మీదా, గోడ మీదా, మూలల్లోనూ పడుతోంది. గదిలో ఇంకెవరూ లేరు.

"మరి... ఎవరు కొట్టింది?"

"ఆయనే. అటు పక్కన కూర్చున్నాయన. పొడుగ్గా ఉన్నాడు." ఫిట్టరు కళ్లు మూతలు పడుతున్నాయి. "నువ్వు వెళ్లిపోయావని నేను ఏడుస్తుంటే... ఓదార్చాడు. ఆగు, వస్తాడులే అన్నాడు."

బాబాయ్ అతని మీదకి వంగాడు. "ఇంకేమన్నాడు?"

"నాకు అర్థం కాలేదు బాబాయ్... పోయినసారి తెల్లవార్లూ ఎదురుచూశాను, రాలేదు... ఈసారి వస్తాడు అన్నాడు."