412 గదిలో రిఫరీ

ఆ హోటల్లో ఎక్కడికి వెళ్ళాలన్నా కేసినో మధ్యలోంచే వెళ్ళాలి. టిఫిన్‌కైనా, లిఫ్ట్‌కైనా, ఆఖరికి రిసెప్షన్‌లో పోట్లాడాలన్నా అదే దారి. యుదెల్కా రోజుకి నాలుగుసార్లు పోట్లాడుతుంది కాబట్టి, రెండు రోజుల్లోనే అక్కడి స్లాట్ మిషన్లన్నీ ఆమెకి ముఖపరిచయం అయిపోయాయి.

ఆమె వాలీబాల్ రిఫరీ. పది రోజుల టోర్నమెంట్ కోసం శాంటియాగో నుంచి రాజధాని శాంటో డొమింగో వచ్చింది. "కేసినో హోటలమ్మా, రాణీలా ఉండొచ్చు" అని లీగ్ వాళ్ళు ఊరించారు. తీరా చూస్తే 412లో ఏసీ సరిగ్గా దిండు మీదే కారుతోంది. సముద్రం కనిపించాల్సిన కిటికీలోంచి పక్క బిల్డింగ్ నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కాఫీ మిషన్ దగ్గర నల్ల వెయిస్ట్‌కోటు వేసుకుని ఎవరో నిలబడి ఉంటే పట్టుకుని నిలదీసింది.

"ఏమయ్యా, నా మంచం మీద వాన పడుతోంది. పట్టించుకునే నాథుడే లేడా ఇక్కడ?"

"మేడం, నేను బల్ల దగ్గర పేకముక్కలు పంచేవాణ్ణి."

"పంచేవాళ్ళకి బకెట్ దొరకదా?"

అతను నవ్వాపుకుంటూ వెళ్ళి బకెట్ తెచ్చిచ్చాడు. ఇచ్చాక రెండు చేతులూ టపామని చరిచి, అరచేతులు తెరిచి చూపించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"అబ్బో, పొగరు!" అనుకుంది యుదెల్కా. నవ్వితే బుగ్గన సొట్ట పడటం కూడా చూసింది. అందుకు తన మీద తనకే చిరాకేసింది.

అతని పేరు రాదమేస్ అని వెయిస్ట్‌కోటు మీదే రాసుంది. మర్నాడు టవల్ తెచ్చాడు. ఆ మర్నాడు లిఫ్ట్ మొరాయిస్తే ఆమె బ్యాగు నాలుగంతస్తులూ మోశాడు. ప్రతిసారీ ఆ చప్పట్లు, ఆ అరచేతులు!

"మీ విజిల్‌కి ఎవరైనా భయపడతారా మేడం?"

"కోచ్‌లు గడగడలాడతారు."

"ఒక్క కోచ్‌లేనా?" అని మెట్ల మీద నిలబడి మళ్ళీ అదే సొట్ట. ఆ సాయంత్రం మ్యాచ్‌లో యుదెల్కా స్కోరు రెండుసార్లు మర్చిపోయింది. పదేళ్ళలో ఎన్నడూ లేదు.

ఎనిమిదో రోజున ఇక ఉండబట్టలేక అడిగేసింది. "ఎల్లుండి ఫైనల్. మెయిన్ రిఫరీని నేనే. వస్తావా?"

రాదమేస్ ముఖం వెలిగింది. అంతలోనే పైకి, సీలింగ్ వైపు చూశాడు. చేతిలోని కాఫీ ఆమెకిచ్చాడు. టపామని చప్పట్లు, అరచేతులు.

"నాకు టైమైంది మేడం."

చేతుల సైగలు చదవడమే ఆమె ఉద్యోగం. కోర్టులో చేతులు ఎత్తి తెరిచారంటే ఒకటే అర్థం, బంతి అవుట్. ఇన్నాళ్ళూ ఈ మనిషి తనని అవుట్ అంటూనే ఉంటే, తను సొట్ట చూసుకుంటూ కూర్చుంది! అవమానంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే బ్యాగుతో రిసెప్షన్‌కి వచ్చింది. "నూరిసక్కా, గది ఖాళీ చేస్తున్నా."

"మళ్ళీ ఏసీయేనా తల్లీ?" అంది రిసెప్షనిస్ట్ నూరిస్, ఓపిగ్గా.

"ఏసీ కాదు. మీ రాదమేస్! రమ్మంటే రానని చెప్పొచ్చుగా, ఈ వెటకారమెందుకు?" అని చప్పట్లు కొట్టి చూపించింది.

నూరిస్ నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పిచ్చిపిల్లా! పైనున్న కెమెరాలకి అది. చేతుల్లో పందెం చిప్స్ దాచలేదని, బల్ల వదిలేటప్పుడు అలా చూపించాలి వాళ్ళు. వాడికి అలవాటైపోయింది. ఇంట్లో వాళ్ళమ్మకి గిన్నె అందించినా అదే చేస్తాడట."

"మరి వస్తానని ఎందుకు అనలేదు?"

"గెస్ట్‌తో స్నేహమంటే ఉద్యోగం ఊడుతుంది వాడికి. నీ మ్యాచ్ వస్తే మాత్రం టీవీకి అతుక్కుపోతాడు."

యుదెల్కా పెన్ను అందుకుంది. "సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఫైనల్ జనంతో ఊళ్ళో ఒక్క గదీ ఖాళీ లేదు. రేపు మ్యాచ్ పెట్టుకుని ఎక్కడ పడుకుంటావే?"

"సంతకం ఎక్కడ అని అడిగాను అక్కా నేను!"

రాదమేస్ అప్పుడే స్టాఫ్ గేటులోంచి లోపలికి వస్తున్నాడు. ఆమె గది ఖాళీ చేసిన రసీదు తీసి అతని ముక్కు ముందు పెట్టింది.

"చదువు. నేనిప్పుడు మీ గెస్ట్‌ని కాను. నోరు విప్పుతావా, విజిల్ వేయమంటావా?"

అతను రెండుసార్లు చదివాడు. "మేడం... మనమింకా గేటు లోపలే ఉన్నాం."

"దేవుడా!" అని అతని చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి లాక్కొచ్చింది. బయట సన్నగా చినుకులు.

"ఇప్పుడు?"

"మీరంటే నాకిష్టం. నిన్న వస్తానని చెప్పలేక ప్రాణం పోయింది. ఫైనల్‌కి సెలవు ఎప్పుడో పెట్టేశాను."

"ఆ మాటకి వారం రోజులా? ఇంకాస్తుంటే ఏ మూలో కూర్చుని ఏడ్చుకునేదాన్ని తెలుసా! నువ్వన్నా నాకిష్టమే, ఏం చేస్తాం."

అతను వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. గది సంగతి చెప్పగానే అవతలినుంచి వాళ్ళమ్మ కేకలు ఫుట్‌పాత్ అంతా వినిపించాయి.

"టీవీలో చూపిస్తావే, ఆ అమ్మాయేనా? ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఎదురుగా ఉంటే ఏమీ చెప్పకుండా ఊరుకున్నావా? ఇంట్లో ఒక్క నిమిషం నోరు మూయవు కదరా! అంత ఇష్టమన్నమాట. తీసుకురా. నీ గది తనకి, నువ్వు మీ మామయ్యింటికి పో."

వాన పెద్దదయింది. ఇందాక వదిలేసిన అతని చేతిని యుదెల్కా తనే మళ్ళీ పట్టుకుంది.