మూడో అంతస్తు

మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి డిటెక్టివ్ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది ఒక దర్జీ. ఆమె చెంపమీద వాపు చూసి అసిస్టెంటు ప్రాణం ఉసూరుమంది. డిటెక్టివ్ మాత్రం మంచినీళ్ళిచ్చి, ఆమె తాగేదాకా ఆగాడు.

"మా ఆయన నా దగ్గరికి రాకూడదని కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చిందండీ. ఇల్లు కూడా మారాను. అయినా నిన్న మధ్యాహ్నం వచ్చి కొట్టాడు. చుట్టుపక్కలవాళ్ళు పోగై పోలీసులకు పట్టించారు. ఇప్పుడేమో నేనే అడ్రసు చెప్పి రమ్మన్నానంటున్నాడు. ఎల్లుండి కోర్టు ఆ మాట నమ్మితే ఉత్తర్వు పోతుందట. నాకూ నా కూతురికీ ఉన్న అండ అదొక్కటే."

"తలుపెందుకు తీశారు?"

"పైనింటావిడ అనుకున్నానండీ. ఆయన ముందు పై అంతస్తుకెళ్ళి, ఆవిడ తలుపు కొట్టి నన్నడిగాడట."

"ముందు పైకా?" డిటెక్టివ్ ఆ ముక్క పుస్తకంలో రాసుకున్నాడు. "అడ్రసు ఎవరికి తెలుసు?"

"లాయరమ్మకి, అన్నయ్యకి, అమ్మకి. అంతే."

లాయరమ్మ ఫైల్లో 'రెండో అంతస్తు' అని స్పష్టంగా ఉంది. మెకానిక్ పని చేసే అన్నయ్య చేతులు తుడుచుకుంటూ మండిపడ్డాడు. "వాడికి నేను చెబుతానా? బీరువా మోసి రెండు అంతస్తులు ఎక్కించింది నేనే. నడుం నొప్పి ఇంకా తగ్గలేదు!" కోపిష్ఠి, పైగా ఒకప్పుడు బావకు జిగిరీ దోస్తు. ఇంకేముంది, దొంగ దొరికాడని అసిస్టెంటు లోలోపల సంబరపడ్డాడు. పాపం, అతని సంబరం ఎప్పుడూ తొందరపాటుదే.

తల్లి గుమ్మంలోనే కూలబడి మాట్లాడింది. "చెట్టంత మనిషి చెయ్యెత్తితే అదేం తట్టుకుంటుంది బాబూ. ఆ కొత్తింటికి ఒక్కసారే వెళ్ళాను. మూడో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్ళు చచ్చిపోయాయి."

మర్నాడు కుట్టుమిషను పక్కన అందరినీ కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"ఈ ఇంటిని ఈవిడా, లాయరుగారూ, అన్నగారూ రెండో అంతస్తే అంటారు. వీధిలోంచి అడుగుపెట్టే కింది వరసను లెక్కలోకి తీసుకోరు. కానీ ఆ మనిషి ఇంకో అంతస్తు పైకెళ్ళాడు. అంటే 'మూడో అంతస్తు' అని విని వచ్చాడు. తన ఇంటికి తనే రమ్మన్న మనిషి అంతస్తు తప్పు చెప్పదు. కింది వరసను కూడా కలిపి లెక్కపెట్టేవారు మీలో ఒక్కరే." ఆయన గొంతు తగ్గింది. "అమ్మా, మీరే చెప్పండి."

అసిస్టెంటు నోరు తెరిచాడు. ఎప్పుడూ గురువుగారి తెలివికి పొంగిపోయేవాడు ఈసారి తల దించుకున్నాడు.

తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చాడే. కూతుర్ని ఒక్కసారి చూసుకుని వెళ్ళిపోతానన్నాడు. మీ నాన్న కూడా కొట్టి ఏడ్చేవాడు. నేను నమ్మేదాన్ని."

దర్జీ తల్లి పక్కకు జరిగి కూర్చుంది. "అప్పుడు నువ్వెవరికి చెప్పుకున్నావమ్మా?"

"ఎవరున్నారే నాకు? ఇలాంటి కాగితమొకటి ఉంటుందనైనా తెలియదు."

లాయరమ్మ వాంగ్మూలం రాసింది. తల్లి సంతకం పెట్టింది. అడ్రసు చెప్పింది తనేనని కోర్టులో అందరి ముందూ ఒప్పుకుంది. ఉత్తర్వు నిలిచింది. దాన్ని మీరినందుకు అల్లుణ్ణి జైలుకు పంపారు.

ఎవరికీ సంతోషం కలగలేదు. కోర్టు మెట్ల మీద తల్లి మోకాళ్ళు పట్టేశాయి. కూతురు వచ్చి చెయ్యి అందించింది.

"వాడు బయటికొచ్చేలోగా ఇల్లు మారతావుగా?"

"మారతానమ్మా."

"ఈసారి ఎక్కడికో నాకు చెప్పకు. వాడు ఏడిస్తే మళ్ళీ కరిగిపోతానేమోనని భయంగా ఉంది."

కూతురి కళ్ళు నిండాయి. "చెప్పనులే," అంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి, తల్లిని కిందిదాకా దించింది.