మెడ దగ్గర ఆగిన బ్లేడు

"నా చీర పక్కన సచ్చినోళ్లను ఆరేస్తవా? నీకు ఇంకెక్కడా జాగ దొరకలేదా?"

"జాగ ఉంటే ఆడెందుకు ఏస్త అత్తమ్మా? ఇంట్ల ఉన్నది ఒక్కటే దండెం."

"నిన్న పప్పుగిన్నె మీద ఎవడో మీసాలాయన. ఇయ్యాల నా చీరకు ఈ పెండ్లిపిల్ల. రేపు నా మంచంల పండవెడ్తవు!"

పొద్దుటి నుంచి సాగుతున్న గొడవ అది. చిలుకమ్మ దండెం మీది చీరను విసురుగా లాగింది. పక్కన వేలాడుతున్న ఫొటో నుంచి నీళ్లు కారి అంచు ఇంకా చెమ్మగానే ఉంది. "తడిదైనా కట్టుకుంట గని దీని పక్కన మాత్రం ఉంచ" అంటూ అదే చుట్టుకుంది. భద్రమ్మ ఫొటో తీసుకుని డార్క్ రూంలోకి వెళ్లింది.

1978... ఆషాఢ అమావాస్య! మట్టెవాడలో మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది. కారుమేఘాలు ఇళ్ల కప్పుల మీదికి వంగి గర్జిస్తున్నాయి. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ అరిచింది!

ఇంటి ముందు గదే స్టూడియో. మొగుడు వెంకట్రాజం ఫొటోలు తీస్తాడు. కోసి అతికే పని భద్రమ్మది. పోయినవాళ్లకు విడిగా ఫొటో ఉండదు కదా! ఏ పెళ్లి ఫొటోనో తెస్తే, స్టూడియోలో దాచిన నెగెటివ్ వెతికి పెద్దది చేసి, ఆ మనిషిని అందరి మధ్య నుంచి బ్లేడుతో కోసి తీసి, వెనక మబ్బులో పూలతోటో పెట్టి అతుకుతుంది. అంచులు కుంచెతో కలిపి మళ్లీ ఫొటో తీస్తే, దండ వేసే పటం తయారు. పదేళ్లుగా చేస్తున్న పని. ఇది వట్టి కాగితమే అనుకుంది ఇన్నాళ్లూ.

ఈసారి పొద్దున్నే ఆ పెళ్లిపిల్ల ఫొటో తెచ్చినవాడు రాయమల్లు. తొర్రూరు దిక్కు మనిషి. ముందు పళ్లు లేవు, మాటలన్నీ గాలిలా జారిపోతాయి.

"మా తమ్ముని పెండ్లాం మొగిలమ్మ. సచ్చి మూడొద్దులాయె. ఎనుక గీ ఫొటో వెట్టు, ఆమె కష్టం జేసిన చెలక భూమి. పన్నెండు గొట్టంగ అయిపోవాలె."

స్టూడియో బల్ల మీద గొంతుక్కూర్చుని, ఒళ్లో సంచి పెట్టుకుని డార్క్ రూం వైపే కదలకుండా చూస్తున్నాడు. వెంకట్రాజం హనుమకొండ బడిలో గ్రూపు ఫొటో తీయడానికి వెళ్లాడు. కూతురు సావిత్రి బడి నుంచి రాలేదు.

భద్రమ్మ బ్లేడు ఫొటోలోని మొగిలమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర మొదలై, నడుము దాటి, భుజం ఎక్కింది. మెడ దగ్గరికి వచ్చింది... కోసిన గీత వెంట ఎర్రగా ఊరింది! తన వేలే తెగిందనుకుని చూసుకుంది. వేలు బాగానే ఉంది...

అంతలో పెరట్లోంచి కేక!

"నన్ను కొయ్యకూ...! నేను సావలే...!"

అత్త గొంతు కాదది. పడుచుపిల్ల గొంతు!

భద్రమ్మ పెరటి తలుపు దగ్గరికి పరిగెత్తింది. జుట్టు విరబోసుకుని చిలుకమ్మ నేల మీద పొర్లుతోంది. ఆ తడి అంచు ఆమె గొంతుకు పాములా చుట్టుకుని బిగుసుకుంటోంది. తెల్లగుడ్లు తేలేసిన ఆ ముఖం కోడలి వైపు తిరిగింది.

"అక్కా! వాడు పసిపిల్ల బొంద తవ్వి పుర్రె తీసిండు. నేను సూసి ఊరికి జెప్పిన. ఊరోళ్లు వాని పండ్లు ఊడగొట్టిన్రు. ఇప్పుడు వాని నోటికి మంత్రం పలుకది. అందుకే నీ చేత కోయిస్తాండు!"

భద్రమ్మ వెనక్కి వచ్చి చెలక ఫొటో మీద భూతద్దం పెట్టింది. నడుమ ఉన్న తెల్ల రాయికి రెండు కంటిగుంతలు! అది చెలక కాదు... శవాలు పూడ్చే బొందలగడ్డ!

తలుపు ధడాలున మూసుకుంది. రాయమల్లు ఎప్పుడు వచ్చాడో, డార్క్ రూం లోపలే ఉన్నాడు. చేతిలో సంచి లేదు. పుర్రె ఉంది!

"సచ్చిందని నమ్మి కోసే చెయ్యి గావాలె నాకు. నమ్మినవు, కోసినవు. మెడ ఒక్కటే మిగిలింది. కొయ్యి!"

"కొయ్య" అంది భద్రమ్మ.

పుర్రె ఆమె నుదుటి మీద దిగింది. రక్తం కళ్లలోకి కారింది. కొప్పు పట్టి ఆమె ముఖాన్ని మందునీళ్ల ట్రేలో ముంచాడు, లేపాడు, మళ్లీ ముంచాడు. ఎడమ చేతి వేలిని వెనక్కి విరిచాడు. పుటుక్కుమంది! కుడి చేతిలో బ్లేడు ఇరికించి ఫొటోలోని మెడ మీదికి నొక్కుతున్నాడు. బయట చిలుకమ్మ కేక గురకగా మారింది...

ఆ నొప్పిలో భద్రమ్మకు ఒక్కటే తట్టింది. వీడి చేతిలో ఉన్నది కాగితం, వట్టి నీడ. పొద్దున పెద్దది చేయడానికి పెట్టిన నెగెటివ్ ఇంకా ఎన్లార్జర్‌లోనే ఉంది. అందులో మొగిలమ్మ తన వాళ్ల నడుమ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది!

మోచేత్తో వాడి డొక్కలో పొడిచింది. గోడ మీద పెద్ద ఫొటోలు వేసేటప్పుడు తిప్పినట్టే ఎన్లార్జర్ తలను వాడి వైపు తిప్పి స్విచ్ నొక్కింది.

వెలుగు వాడి ఒంటి మీద, వెనక గోడ మీద పడింది. పెళ్లివారంతా లేచారు... నల్లటి ముఖాలు, తెల్లటి జుట్టు, తెల్లగా మెరిసే కనుపాపలు! నలభై తలలు ఒక్కసారి వాడి వైపు తిరిగాయి!

"మా పిల్లను మా నడుమకెల్లి కోసి తీస్తవారా?" ఏదో ముసలమ్మ గొంతు.

ఫెళఫెళమని పిడుగు! గోడలోంచి నల్లటి చేతులు లేచి వాడిని పట్టుకున్నాయి. వాడు మంత్రం చదవబోతే బోసి చిగుళ్ల మధ్య గాలి తప్ప ఏమీ రాలేదు. భుజం ఊడింది. దవడ చీలింది. పుర్రె పిండిపిండైంది. ఎముకలు విరుగుతుంటే వాడిని అంగుళం అంగుళం గోడలోకి లాక్కున్నారు... చివరి కేక సగంలోనే తెగింది. బల్బు పేలింది!

భద్రమ్మ పాక్కుంటూ పెరట్లోకి వచ్చింది. చిలుకమ్మ గోడకు ఆనుకుని గొంతు తడుముకుంటోంది.

"గా తడి చీర నా మెడకు సుట్టుకున్నదేందే? అగో, నీ మొకం నిండ నెత్తురేంది బిడ్డా!" అని అదే చీర కొంగుతో కోడలి నుదురు ఒత్తిపట్టింది.

మర్నాడు వెంకట్రాజం పొద్దున బస్సుకు తొర్రూరు దిక్కు వెళ్లి, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. మొగిలమ్మ బతికే ఉంది. నిన్న మిట్టమధ్యాహ్నం నాటు వేస్తూ మెడ పట్టుకుని బురదలో పడిపోయిందట. కాసేపటికి తనంతట తనే లేచింది. మెడ మీద ఎర్రటి గీత... సగం దాకా వచ్చి ఆగిపోయింది.

భద్రమ్మ నెగెటివ్‌ను దీపానికి ఎదురుగా పట్టుకుని అందరికీ చూపించింది. ముందు వరుస కాళ్ల దగ్గర ఎవడో బోర్లా పడి ఉన్నాడు. నిన్నటిదాకా అక్కడ ఎవరూ లేరు.

అన్నాల దగ్గర కట్టు కట్టిన చేత్తో గిన్నె పట్టుకుని భద్రమ్మ అందరికీ వడ్డించింది.

"నా చీరకు వేరే దండెం గట్టు" అంది చిలుకమ్మ.

"రేపే కడ్త అత్తమ్మా." భద్రమ్మ గిన్నె కింద పెట్టి మొగుడి వైపు, కూతురి వైపు చూసింది. "ఇంకో ముచ్చట. ఇగనుంచి ఎవ్వలు పోయిన్రని చెప్పినా, వాళ్లింటికి పోయి నా కండ్లతోని సూసొచ్చినంకనే బ్లేడు చేత వడ్త. అప్పటిదాక ఎవ్వలను ఎవ్వల నడుమకెల్లి కొయ్య."