ఐసు గదిలో ఏజెంట్ డేగ

"ఆ దీవిలో కార్లు లేవు, వంతెన లేదు. పారిపోవడానికి వాడికీ దారి ఉండదు, నీకూ ఉండదు," అన్నాడు చీఫ్, ఫొటో ఒకటి టేబుల్ మీదికి తోస్తూ.

ఫొటోలో ఉన్న బట్టతల మనిషి విదేశీ ముఠాకి కొరియర్. వాడి దగ్గరున్న మైక్రోఫిల్మ్‌లో మన సబ్‌మెరీన్ వెళ్లబోయే రూటు ఉంది. ఈ సాయంత్రం అది సముద్రంలో కాచుకున్న శత్రువు ట్రాలర్‌కి చేరిందంటే సబ్‌మెరీన్ ఇక తిరిగి రాదు. అందులో ఏజెంట్ డేగ సొంత తమ్ముడున్నాడు. చీఫ్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే పంపుతున్నాడు.

"నెమలిని వెంట తీసుకెళ్లు. మీరిద్దరూ కొత్త దంపతులు. ఒక్కరోజు షికారుకి వచ్చారు. అర్థమైందా?"

నెమలి డిపార్ట్‌మెంట్ మొత్తానికీ అందగత్తె, గురి తప్పని షూటర్. అలాంటి డ్యూటీ ఎవరికి చేదు? డేగ పెట్టుడు మీసం సరిచేసుకుని లాంచీ ఎక్కాడు.

దీవంతా కలిపి ఒకటే వీధి. చేపల బుట్టల తోపుడు బళ్లు తప్ప మరో బండి లేదు. ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారు. ఎటు తిరిగినా కాసేపటికి సముద్రమే ఎదురొచ్చేది. దిగినప్పటినుంచీ డేగకి ఊపిరి సలపడం లేదు.

"ఏవండీ, కాస్త నవ్వండి. షికారుకొచ్చినట్టు లేదు, పంటినొప్పికి డాక్టర్ దగ్గరికొచ్చినట్టుంది," అంది నెమలి చెయ్యి పట్టుకుని. సాయంత్రమయ్యేసరికి ఐసు గోడౌన్ ముందు ఆగి గొంతు తగ్గించింది. "వాడు లోపలున్నాడు. మీరు వెళ్లండి, నేను బయట కవర్ చేస్తాను."

డేగ లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు ధడేల్‌మంది. గడియ పడింది.

"నెమలీ!"

"సారీ డేగా. మీ చీఫ్ ఇచ్చే జీతం నా సెంటుకే చాలదు!"

కప్పుదాకా ఐసు దిమ్మలు. కిటికీ లేదు. గోడలో చిన్న చెక్క తలుపొకటి ఉంది, దానికీ గడియ బయటే. చేతి గడియారంలోని ట్రాన్స్‌మిటర్ చలికి చచ్చిపోయింది. పిస్టల్ ఖాళీ అయ్యేదాకా కాల్చాడు. రంపపుపొట్టు కూరిన మందపాటి తలుపులు రెండూ గుళ్లన్నీ మింగేశాయి. సైలెన్సర్ బిగించుకున్న తెలివికి తనని తానే తిట్టుకున్నాడు. దూరంగా చివరి లాంచీ హారన్ వినబడి ఆగిపోయింది.

పళ్లు టకటకలాడుతున్నాయి. తన చావు గురించి కాదు అతని బాధ. చిన్నప్పుడు చీకటికి జడిసి అన్న చొక్కా పట్టుకుని పడుకునేవాడు తమ్ముడు. ఇప్పుడు నీళ్ల అడుగున, ఏమీ తెలియకుండా ఉన్నాడు. ఆ తలపుకి డేగ గుండె నీరైపోయింది.

"ఐసు కావాలంట!" అని బయట ఎవరో అరిచారు. వేటకి వెళ్లే పడవ కోసం చెక్క తలుపు తెరుచుకుంది. దిమ్మని లాగడానికి ఇనప కొక్కెం లోపలికి వచ్చింది. దిమ్మకంటే ముందు డేగ తల బయటికి దూర్చాడు. దిమ్మలు జార్చే చెక్క మీద సర్రున జారి ఒడ్డున పడ్డాడు.

"ఓరి నాయనో! ఐసు లాగితే మనిషొచ్చాడేంటి?" అంది కొక్కెం పట్టుకున్న పెద్దామె.

జవాబు చెప్పే టైం లేదు. ఎదురుగా మోటార్ బోటు ఒడ్డు వదులుతోంది. లుంగీ కట్టిన బట్టతల ఇంకా స్టార్టవని ఇంజిన్ తిప్పుతున్నాడు. ముందు నెమలి కూర్చుంది. దూరంగా ట్రాలర్ దీపం. బోటు వెనక తాడింకా ఇసకలో ఈడ్చుకుపోతోంది. డేగ దూకి పట్టుకున్నాడు. కొయ్యబారిన వేళ్లలోంచి తాడు జారిపోతోంది.

"అమ్మా! తాడు! తాడు పట్టండి!"

ఆ ఒడ్డున పడవలు లాగే యంత్రాలు లేవు. తాడన్న కేక వినబడితే ఎక్కడి పని అక్కడ వదిలి అందరూ చెయ్యి వెయ్యాల్సిందే. ఎవరి పడవ, ఎందుకు అనే ప్రశ్నలుండవు. లాగినవాళ్లకి పడవలోంచి తలా ఒక చేప. వలలు బాగుచేసేవాళ్లు, బళ్లు తోసేవాళ్లు, పెద్దామె, అందరూ తాడందుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇంజిన్ స్టార్టయింది. అయినా బోటు వెనక్కే వచ్చింది.

"వదలండి! మేం వెళ్లాలి!" బట్టతల గొంతు చించుకున్నాడు.

"ముందు పైకి రానియ్యి నాయనా, తర్వాత చెబుదువుగాని," అంది పెద్దామె ఇంకో పట్టు లాగుతూ.

బోటు ఇసకెక్కింది. ప్రొపెల్లర్ గాలిలో గిరగిరా తిరిగింది. నెమలి పర్సులో పిస్టల్ వెతుక్కునేలోపే డేగ ఇద్దరికీ కలిపి బేడీలు వేసి, బట్టతల లుంగీ ముడిలోంచి మైక్రోఫిల్మ్ లాగాడు. దూరంగా ట్రాలర్ దీపం ఆరిపోయింది. తమ్ముడు బతికాడు. డేగ ఇసకలో కూలబడి, పెట్టుడు మీసం తడిసేలా ఏడ్చాడు.

"ఇంతకీ ఏంటి బాబూ ఇదంతా?" అడిగింది పెద్దామె.

"మీరంతా కలిసి దేశాన్ని కాపాడారమ్మా."

ఆమె బోటులోకి వంగి, ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది.

"కాపాడాం, సరే. మరి చేపలేవి?"